పచ్చివి తింటే ఒళ్ళు తట్టుకుంటుందా? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే విషయం చుట్టూ తిరిగాయి. వండకుండా తినడం, పచ్చి రసాలు తాగడం, మొలకలు నమలడం మంచిదని ఎవరో చెప్పగా మొదలుపెట్టినవారు, మధ్యలో ఇబ్బంది ఎదురై ఆగినవారు, ఈ విషయంలో ఇంట్లోవాళ్ళతో వాదన పడినవారు రాశారు. అందుకని ఈసారి శీర్షిక మొత్తం దీనికే కేటాయిస్తున్నాను. ఉత్తరాలను కుదించి, పేర్లు తీసేసి ఇస్తున్నాను.

ప్రశ్న: నా వయసు 58. మధుమేహం ఉంది. ఆరు నెలలుగా రోజూ పరగడుపున ఒక గ్లాసు పచ్చి సొరకాయ రసం తాగుతున్నాను. రెండు వారాల క్రితం ఒక రోజు రసం బాగా చేదుగా ఉంది. మందే కదా అనుకుని కళ్ళు మూసుకుని తాగేశాను. కాసేపటికే కడుపులో మెలిపెట్టి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఆసుపత్రిలో చేర్చి సెలైన్ పెట్టారు. నాతో నడకకు వచ్చే మిత్రుడు, ఒంట్లోని చెడంతా అలా బయటికి పోతుంది, మానొద్దు అంటున్నాడు. మా ఆవిడ ఇక సొరకాయను గుమ్మం తొక్కనివ్వనంటోంది. ఎవరి మాట వినాలి? కాస్తోకూస్తో విషమున్నా శరీరం దానంతట అది సర్దుకోదా? – ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: మీరు ఆసుపత్రికి వెళ్ళి మంచి పని చేశారు. మీ మిత్రుడి మాట మాత్రం వినకండి, అది ప్రాణం మీదికి తెచ్చే సలహా. మీ ఆవిడగారు అన్నంత దూరం పోనక్కరలేదు గాని, పచ్చి రసం వద్దన్నంతవరకు ఆమె మాటే సరైనది.

సొర, దోస, బీర, పొట్ల, గుమ్మడి అన్నీ ఒకే కుటుంబానికి చెందిన తీగలు. పురుగుల నుంచి, పశువుల నుంచి తమను కాపాడుకోవడానికి ఇవి కుకుర్బిటాసిన్లు అనే చేదు పదార్థాలను తయారుచేసుకుంటాయి. అడవి జాతుల్లో అవి దండిగా ఉంటాయి. రైతులు తరతరాలుగా చేదు లేని కాయల విత్తనాలనే ఏరి దాచుకుంటూ రావడం వల్ల మన పాదుల్లో కాసే కాయల్లో అవి దాదాపు లేకుండా పోయాయి. అయితే చేదు జాతి పుప్పొడి సోకిన కాయ నుంచి తీసిన విత్తనం నాటినా, ఎండకూ నీటి ఎద్దడికీ తీగ అల్లాడినా, ఆ పాత గుణం తిరిగి బయటపడుతుంది. పైకి చూస్తే తేడా ఏమీ తెలియదు. అదే లేత తొక్క, అదే నవనవలాడే కాయ.

మా అమ్మ దోసకాయ తరిగే ముందు తొడిమ దగ్గర చిన్న ముక్క కోసి నాలుక చివర పెట్టుకునేది. బాగుందనిపిస్తేనే కత్తిపీట దగ్గరికి లాక్కునేది. చేదు తగిలిందంటే ఆ కాయను కుడితి తొట్టిలో కూడా వేయకుండా దూరంగా విసిరేసి, నోరు పుక్కిలించి ఇంకో కాయ అందుకునేది. బీరకాయకూ అంతే. తెలుగు వంటింట్లో ఇది ఎవరూ ఎవరికీ పాఠంగా చెప్పని అలవాటు. జ్యూసర్ వచ్చాక ఆ అలవాటు పోయింది. ముక్కలు నేరుగా గిన్నెలో పడుతున్నాయి, వాటికి అల్లం, నిమ్మరసం, ఉసిరికాయ, పుదీనా తోడవుతున్నాయి, నాలుక కనిపెట్టవలసిన చేదు వాటి మాటున దాగిపోతోంది. పైగా కూరైతే చేదు ముక్క ఒకటి నోట పడగానే కంచం పక్కకు నెట్టేస్తాం. రసమైతే కాయ సారమంతా నాలుగు గుక్కల్లో ఖాళీ కడుపులోకి దిగిపోతుంది.

ఢిల్లీలో 2010లో సొరకాయ రసం తాగిన ఒక శాస్త్రవేత్త మరణించారు. ఆ తరువాత భారత వైద్య పరిశోధన మండలి నిపుణుల సంఘం ఇలాంటి ఉదంతాలను పరిశీలించింది. చేదు రసం 50 నుంచి 300 మిల్లీలీటర్ల వరకు తాగినవారిలో కడుపునొప్పి, వాంతులు, విరేచనాలు, నెత్తురు వాంతులు, రక్తపోటు పడిపోవడం కనిపించాయని 2012లో ప్రచురితమైన ఆ నివేదిక చెబుతుంది. దీనికి ప్రత్యేకమైన విరుగుడు మందు లేదు. ఒంట్లోకి నీరు ఎక్కించి, రక్తపోటు నిలబెట్టి, పేగుల గాయం మానేదాకా కాచుకోవడమే చికిత్స. వండితే పోతుందన్న ధీమా కూడా పనికిరాదు, ఎందుకంటే ఈ పదార్థాలు వేడికి విరగవు. జర్మనీలోని హైడెన్‌హైమ్‌లో 2015లో పెరటి తోటలో కాసిన జుకినీ అనే గుమ్మడి జాతి కాయల కూర తిని 79 ఏళ్ళ వ్యక్తి చనిపోయారు. ఆయన భార్య చేదుగా ఉందని కొద్దిగానే తిని బతికి బయటపడ్డారు.

మరి కాకరకాయ మాటేమిటని మీరు అడగవచ్చు. చేదు కాకరకాయకు సహజ గుణం, ఆ చేదుతోనే దాన్ని తరతరాలుగా కూరగా తింటున్నాం. సొరకాయకు చేదు లేకపోవడమే సహజం. ఉండకూడని చోట చేదు కనిపించిందంటే దాన్ని మందుగా భావించకూడదు.

ఇక మీ చివరి ప్రశ్న. శరీరానికి తట్టుకునే శక్తి నిజంగానే ఉంది, మనం ఊహించుకునేదాని కంటే ఎక్కువే ఉంది. అమెరికన్ జీవరసాయన శాస్త్రవేత్త బ్రూస్ ఏమ్స్, ఆయన సహచరులు 1990లో ప్రచురించిన లెక్క ప్రకారం, మొక్కలు ఆత్మరక్షణ కోసం తయారుచేసుకునే రసాయనాలను ఒక్కో అమెరికన్ రోజుకు సుమారు ఒకటిన్నర గ్రాములు తింటున్నాడు. కాఫీలో, ఆవాలలో, మిరియాలలో, క్యాబేజీలో, వంకాయలో అవి ఉంటాయి. అన్నీ తిని మనం నిక్షేపంగా ఉన్నామంటే అంచెలంచెలుగా కాపలా ఉన్నందువల్లనే. చేదును పసిగట్టడానికే మన నోటిలో సుమారు 25 రకాల గ్రాహకాలున్నాయి. జామ పిందె కొరికినప్పుడు నోరు పిడచకట్టుకుపోయినట్లవుతుంది చూడండి, వగరు పదార్థాలను లాలాజలంలోని ప్రోటీన్లు పట్టి బంధించినందువల్లే అలా జరుగుతుంది. పేగుల లోపలి పొర మూడు నుంచి అయిదు రోజులకొకసారి పూర్తిగా కొత్తదవుతుంది కాబట్టి అక్కడ తగిలిన చిన్న గాయాలు మనకు తెలియకుండానే మానిపోతాయి. లోపలికి జారిన దాన్ని తిరిగి పేగులోకే తోడిపోసే పంపుల్లాంటి ప్రోటీన్లు ఆ పొరలోనే ఉన్నాయి. అవీ దాటిపోతే కాలేయంలోని ఎంజైములు దాన్ని మార్చి, నీటిలో కరిగేలా చేసి మూత్రపిండాలకు అప్పగిస్తాయి.

అయితే ఈ కాపలా అంతా కొద్దికొద్దిగా, రకరకాలుగా వచ్చే వాటిని ఎదుర్కోవడానికి అలవాటుపడినది. ఒకే పదార్థం ఒక్కసారిగా మీద పడితే అది చాలదు. అప్పుడు వాంతి రావడం శరీరం వేసే ఆఖరి ఎత్తు. ఇంట్లోకి దూరిన దొంగను ఇంటివాళ్ళు కేకలు వేసి తరిమేస్తే, ఇల్లు శుభ్రపడిందని సంతోషించి మర్నాడు మళ్ళీ తలుపు తీసిపెట్టం కదా. మీ మిత్రుడు చెబుతున్నది అదే. మధుమేహానికి సొరకాయ తినాలనుకుంటే రుచి చూసి, కూరగానో పప్పులోనో తినండి.

ప్రశ్న: మేము నలుగురం స్నేహితురాళ్ళం ఒకే ఫ్లాట్‌లో ఉంటూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేస్తున్నాం. పెసలు, శనగలు, రాజ్మా కలిపి మొలకెత్తించి నిమ్మకాయ పిండుకుని పచ్చిగానే తింటాం. ఈ మధ్య రాజ్మా పాలు ఎక్కువై ముగ్గురికి రెండు గంటల్లో విపరీతమైన వాంతులయ్యాయి, సాయంత్రానికి తగ్గిపోయాయి. మొలకలు ఆరోగ్యం కాదా? శ్రీరామనవమికి వడపప్పు పచ్చిదే తింటాం కదా, దానికి లేని దోషం దీనికెందుకు? – ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మంచి ప్రశ్న అడిగారు. వడపప్పు పొట్టు తీసి, నానబెట్టి, నీరు వంచేసిన పెసరపప్పు. పెసలలో ఇబ్బందిపెట్టే పదార్థాలు మొదటే తక్కువ, పొట్టు, నానిన నీళ్ళు పోయాక ఇంకా తగ్గిపోతాయి. పైగా ప్రసాదంగా గుప్పెడే తింటాం. రాజ్మా సంగతి పూర్తిగా వేరు. అందులో ఫైటోహీమాగ్లుటినిన్ అనే లెక్టిన్ (ఒక రకం ప్రోటీన్) ఉంటుంది. ఎర్ర రక్తకణాలను ఒకదానికొకటి అతికించే గుణాన్ని బట్టి దాని బలాన్ని కొలుస్తారు. ఆ కొలతలో పచ్చి ఎర్ర రాజ్మాకు 20,000 నుంచి 70,000 యూనిట్లు వస్తే, పూర్తిగా ఉడికిన రాజ్మాకు 200 నుంచి 400 మాత్రమే వస్తాయి. పచ్చి గింజలు నాలుగయిదు నమిలినా చాలు, ఒకటి నుంచి మూడు గంటల్లో వికారం, వాంతులు, ఆపైన విరేచనాలు మొదలవుతాయి. సాధారణంగా మూడు నాలుగు గంటల్లో తేరుకుంటారు. మీకు జరిగింది అచ్చంగా ఇదే. రెండు రోజుల మొలకతో రాజ్మాలోని ఈ లెక్టిన్ పోదు.

మన పూర్వులు పచ్చివి తిన్నారా అన్న వాదన ఇక్కడ చాలామంది తెస్తుంటారు. పెసలను, ఉలవలను, శనగలను మన నేల మీద వేల ఏళ్ళుగా పండిస్తున్నారు, వేటిని నానబెట్టి తినవచ్చో, వేటిని గుగ్గిళ్ళుగా ఉడికించే తినాలో ఇళ్ళలో అందరికీ తెలుసు. రాజ్మా అమెరికా ఖండాల నుంచి వచ్చిన గింజ, తెలుగు వంటిళ్ళలోకి అడుగుపెట్టి ఎంతో కాలం కాలేదు. దాన్ని పచ్చిగా తినే ఆచారం ఎక్కడా లేదు, దాని పుట్టినింట కూడా ఉడికించే తింటారు. పెసల మొలకలను హాయిగా తినండి. శనగలనూ నానబెట్టి కొద్దిగా తినవచ్చు. రాజ్మాను, సోయా గింజలను మాత్రం ఆ గిన్నెలోంచి తీసేయండి.

ప్రశ్న: పై ప్రశ్నలాంటిదే నాదీ. డల్లాస్‌లో ఉంటాం. పొద్దున ఆఫీసుకు వెళ్తూ నానబెట్టిన రాజ్మాను స్లో కుక్కర్‌లో వేసి సన్నటి వేడి మీద వదిలేస్తే సాయంత్రానికి మెత్తగా ఉడికి ఉంటుంది. అది ఉడికినట్లే కదా? – ఒక పాఠకుడు, అమెరికా

జవాబు: మెత్తబడినంత మాత్రాన లెక్టిన్ విరిగిందని అనుకోవడానికి లేదు. సన్నటి వేడి మీద గింజల లోపల వేడి 80 డిగ్రీల సెల్సియస్ దాటకపోతే ఆ లెక్టిన్ తగ్గకపోగా పచ్చి గింజలో ఉన్నదానికి అయిదు రెట్ల వరకు పెరగవచ్చని పరీక్షల్లో తేలింది. కనీసం అయిదు గంటలు నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో 30 నిమిషాలు తెర్లనివ్వాలని మీరుంటున్న దేశపు ఆహార, ఔషధ సంస్థ చెబుతోంది. ఆ తరువాత స్లో కుక్కర్‌లోకి మార్చుకోవచ్చు. ఇండియా నుంచి తీసుకెళ్ళిన ప్రెషర్ కుక్కర్ మూలన పడి ఉంటే దాన్ని బయటికి తీయండి, ఈ పనికి అంతకు మించినది లేదు.

ప్రశ్న: మాది కర్రపెండలం పండించే ప్రాంతం. మా బడి పిల్లలు పొలం గట్టు మీద దుంప పీకి, తొక్క ఒలిచి పచ్చిదే కొరుకుతుంటారు. అందులో సైనైడ్ ఉంటుందని చదివి భయపడ్డాను. మరి మా ఊళ్ళో తరాలుగా ఎవరికీ ఏమీ కాలేదెందుకు? సగ్గుబియ్యం కూడా ప్రమాదమేనా? – ఒక ఉపాధ్యాయుడు, పెద్దాపురం దగ్గర

జవాబు: మాస్టారూ, ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నిటిలోకి మీ ఉత్తరం దగ్గర నేను ఎక్కువసేపు ఆగాను. ముందు మీ భయం పోగొట్టే మాట చెబుతాను. సగ్గుబియ్యంతో ప్రమాదం లేదు. కర్రపెండలంలో ఉండేది నేరుగా సైనైడ్ కాదు, లినమారిన్ అనే పదార్థం. దుంపను కోసినా, కొరికినా, తురిమినా అందులోనే ఉన్న ఒక ఎంజైము లినమారిన్‌ను తాకి దాని నుంచి హైడ్రోజన్ సైనైడ్‌ను విడగొడుతుంది. హైడ్రోజన్ సైనైడ్ 26 డిగ్రీలకే ఆవిరయ్యే వాయువు. మీ పక్కనున్న మిల్లుల్లో దుంపను తురమడం, నీళ్ళతో కడిగి పిండిని తేర్చడం, పూసలుగా చేసి వేయించి ఎండబెట్టడం మీరు చూసే ఉంటారు. అన్ని దశలు దాటేసరికి అది గాలిలోకో నీళ్ళలోకో పోయి ఉంటుంది. ఇంట్లో దుంప ఉడికించేటప్పుడు కూడా తొక్క పూర్తిగా తీసి, చిన్న ముక్కలు కోసి, నీళ్ళు ఎక్కువ పోసి, మూత పెట్టకుండా ఉడికించి ఆ నీళ్ళు వంచేస్తే చాలు. గుజ్జులో కంటే తొక్కలో ఈ పదార్థం ఎక్కువగా ఉంటుంది.

మరి పిల్లలకు ఏమీ ఎందుకు కాలేదు? నేరుగా ఉడికించుకుని తినే తియ్య రకాల్లో ఈ పదార్థం తక్కువ, ఒకటి రెండు ముక్కలకు మించి పచ్చిది ఎవరూ తినలేరు. అంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. మన కణాల్లో రోడనీస్ అనే ఎంజైము ఉంది, కాలేయంలో మరీ ఎక్కువ. అది సైనైడ్‌కు గంధకాన్ని జతచేసి, దాన్ని ఎంతో తక్కువ హానికరమైన థయోసయనేట్‌గా మార్చి మూత్రంలోకి పంపేస్తుంది. చూడడానికి ఇది మనకు పుట్టుకతో వచ్చిన విరుగుడులా కనిపిస్తుంది. కాని ఆ గంధకం ఎక్కడి నుంచి వస్తుంది? మనం తినే పప్పు, గుడ్డు, చేప, పాలలోని ప్రోటీన్ల నుంచి వస్తుంది. అది రోజూ తిండిలో అందుతూ ఉంటేనే రోడనీస్ పనిచేయగలదు.

అది అందనప్పుడు ఏం జరుగుతుందో ఆఫ్రికా చూసింది. కాంగోలోని క్వాంగో ప్రాంతంలో కాళ్ళు హఠాత్తుగా బిగుసుకుపోయి నడక పోయే జబ్బును 1938లో ట్రోలీ అనే ఇటాలియన్ వైద్యుడు వివరించాడు. అక్కడి యాకా భాషలో దాన్ని కోంజో అంటారు, కట్టేసిన కాళ్ళు అని అర్థం. మొజాంబిక్‌లోని నంపులా ప్రాంతంలో 1981 కరువులో ఇదే జబ్బు వెయ్యి మందికి పైగా సోకింది, వాళ్ళలో ఎక్కువమంది స్త్రీలు, పిల్లలు. వాన లేక చేదు రకం కర్రపెండలం తప్ప మరో పంట నిలవలేదు, వాన లేక దుంపలోనూ విషం పెరిగింది, ఆకలికి ఆగలేక దాన్ని రోజుల తరబడి నానబెట్టి ఎండబెట్టే పద్ధతిని కుదించేశారు, తోడుగా తినడానికి చేపగాని చిక్కుడు గింజగాని లేదు. ఆ కాళ్ళు మళ్ళీ మామూలు కాలేదు. పిండిని తడిపి పల్చగా పరిచి రెండు గంటలు ఎండలోనో అయిదు గంటలు నీడలోనో ఉంచి వండుకుంటే సైనైడ్ చాలావరకు పోతుందని ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు కనిపెట్టిన తేలిక పద్ధతిని తరువాత అక్కడి గ్రామాల్లో నేర్పారు.

మన దేశంలోనే ఇంకో ఉదంతం ఉంది. బిహార్‌లోని ముజఫర్‌పూర్‌లో 2014 వేసవిలో లిచీ పండ్ల కాలంలో 390 మంది పిల్లలు తెల్లవారుజామున మూర్ఛలతో ఆసుపత్రి చేరారు, 122 మంది చనిపోయారు. లిచీలోని హైపోగ్లైసిన్, దానికి దగ్గరి మరో పదార్థం కొవ్వు నుంచి శక్తి తీసే దారినీ, రక్తంలోకి కొత్త చక్కెర తయారుచేసే దారినీ మూసేస్తాయి. రాత్రి కడుపునిండా అన్నం తిని పడుకున్న పిల్లవాడి కాలేయంలో చక్కెర నిల్వ ఉంటుంది, తెల్లవార్లూ అది మెదడును కాపాడుతుంది. పగలంతా తోటలో పండ్లు తిని, రాత్రి అన్నం తినకుండా నిద్రపోయిన పిల్లవాడికి ఆ నిల్వ ఉండదు. జబ్బుపడిన పిల్లల్లో రాత్రి భోజనం చేయనివాళ్ళు ఎక్కువని 2017లో ప్రచురితమైన అధ్యయనం చూపింది. రాత్రి అన్నం తప్పనిసరిగా పెట్టండని ఇంటింటికీ చెప్పడమే అక్కడ మొదట సూచించిన నివారణ.

తట్టుకునే శక్తి అంటే నాకు ఈ రెండు ఉదంతాలే గుర్తుకొస్తాయి. అది ఒంట్లో ఎప్పటికీ తరగకుండా ఉండే ఆస్తి కాదు, నిన్న రాత్రి కంచంలో ఏముందన్న దాని మీద నిలబడే శక్తి. కడుపునిండినవాడికి రుచిమార్పుగా ఉన్న పండే అర్ధాకలితో ఉన్న పిల్లవాడి ప్రాణం తీసింది. అందువల్ల మీ పిల్లలను గట్టు మీది దుంప కొరకవద్దని తప్పకుండా చెప్పండి, కాల్చుకునో ఉడికించుకునో తినమనండి. పొద్దున ఏమీ తినకుండా బడికి వచ్చే పిల్లలెవరో మీకు తెలిసే ఉంటుంది, వాళ్ళను ముందు చూడండి.

ప్రశ్న: మా కోడలు పచ్చి పాలకూర, అరటిపండు, బాదంపప్పు కలిపి రోజూ పెద్ద గ్లాసు స్మూతీ తాగుతుంది. ఆకుకూర వండితే సత్తువ పోతుందంటుంది. మా కాలంలో కందను చింతపండుతో, చేమ ఆకును పులుసులో తప్ప తినేవాళ్ళం కాదు. నేను చెబితే చాదస్తం అంటుంది. మీరు చెప్పండి. – ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: అమ్మా, మీరు చెప్పినదాంట్లో చాదస్తం లేదు, అయితే మీ కోడలి మాటలోనూ కొంత నిజముంది. వండితే సి విటమిన్, ఫోలేట్ కొంత పోతాయి. కాని మూత్రపిండాల్లో రాళ్ళకు దారితీసే ఆక్సలేటు అనే పదార్థం పాలకూరలో అధికం. ఉడికించి నీళ్ళు వంచేస్తే కూరగాయల్లోని కరిగే ఆక్సలేటులో 30 నుంచి 87 శాతం దాకా తగ్గుతుందని 2005లో వచ్చిన ఒక పరిశోధన చెబుతోంది. పచ్చి ఆకును మిక్సీలో వేసి తాగితే అదంతా లోపలికి పోతుంది. ఆరోగ్యవంతుల్లో పేగులలోని క్యాల్షియం ఆక్సలేటును పట్టుకుని మలంతో పంపేస్తుంది, కొన్ని రకాల బ్యాక్టీరియా దాన్ని తినేస్తుంది, మిగిలింది మూత్రపిండాలు చూసుకుంటాయి. ఈ ఏర్పాటు దెబ్బతిన్నవారికే చిక్కు. బరువు తగ్గే శస్త్రచికిత్స చేయించుకుని, ఆపైన చాలా రోజులు యాంటీబయాటిక్స్ వాడిన 65 ఏళ్ళ అమెరికన్ మహిళకు ఆకుకూరల స్మూతీల వల్ల మూత్రపిండాలు పాడైన సంగతి 2018లో వైద్య పత్రికలో వచ్చింది. మీ కోడలికి మూత్రపిండాల్లో రాళ్ళ చరిత్ర లేకపోతే వారానికి ఒకటి రెండు సార్లు తాగితే ఏమీ కాదు. రోజూ మాత్రం వద్దు. అందులో పెరుగు కలుపుకుంటే మంచిది. మీరు చేసే పాలకూర పప్పు, పెరుగన్నం ఇంకా మంచిది.

కంద, చేమలలోనూ ఇదే ఆక్సలేటు, కాని రూపం వేరు. సూక్ష్మదర్శిని కింద చూస్తే రెండు వైపులా మొనతేలిన సూదులు కట్టలుకట్టలుగా కనిపిస్తాయి. తరిగేటప్పుడు చేతికి, తినేటప్పుడు గొంతుకు గుచ్చుకునేవి అవే. కందకు లేని దురద కత్తిపీటకెందుకని సామెత చెప్పుకుంటాం గాని, తరిగేవాళ్ళ చేతులకు మాత్రం ఆ దురద బాగా తెలుసు. చేతికి నూనె రాసుకోవడం, చింతపండు పులుసులో బాగా ఉడికించడం ఆ దురదను అణచడానికి మనవాళ్ళు కనిపెట్టిన ఉపాయాలు. మీరు వాటిని వదలవద్దు.

ప్రశ్న: పచ్చి క్యాబేజీ తింటే థైరాయిడ్ వస్తుందా? ఆకుపచ్చగా మారిన బంగాళాదుంప ఉడికిస్తే తినవచ్చా? – ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: సలాడ్‌లో గుప్పెడు పచ్చి క్యాబేజీతో ఏమీ రాదు, అయోడిన్ ఉప్పు వాడుతూ ఉంటే చాలు. మధుమేహం తగ్గుతుందనే నమ్మకంతో నెలల తరబడి రోజుకు కిలో నుంచి కిలోన్నర దాకా పచ్చి చైనా క్యాబేజీ తిన్న 88 ఏళ్ళ చైనీస్ మహిళ థైరాయిడ్ పూర్తిగా మందగించి స్పృహ తప్పిన స్థితిలో ఆసుపత్రి చేరినట్టు 2010లో ఒక వైద్య పత్రిక రాసింది. ఆ మోతాదు మన ఇళ్ళలో ఎవరూ తినరు. థైరాయిడ్ మందు వాడేవారు వండుకుని తింటే సరిపోతుంది.

బంగాళాదుంప విషయంలో మాత్రం కచ్చితంగా ఉండండి. ఆకుపచ్చ రంగు హానికరం కాదు, కాని దుంపకు వెలుతురు తగిలిందనీ, తొక్క కింద సోలనిన్ అనే విష పదార్థం పెరిగి ఉండవచ్చనీ చెప్పే గుర్తు అది. ఉడికించినా సోలనిన్ పోదు. లండన్‌లో ఒక బడిలో కిందటి టర్మ్ నుంచి మిగిలిపోయిన సంచిలోని దుంపలు వండిపెడితే 78 మంది పిల్లలు జబ్బుపడ్డారు, 17 మందిని ఆసుపత్రిలో చేర్చవలసివచ్చింది. కొద్దిగా పచ్చబడితే ఆ భాగాన్ని, మొలకలను లోతుగా చెక్కి తీసేయండి. చాలావరకు పచ్చబడినా, చేదుగా ఉన్నా పారేయండి. వెలుతురు తగలకుండా గోనెసంచిలో ఉంచితే ఈ బాధ ఉండదు.

ప్రశ్న: నేను పాడేరు వైపు ఆశ్రమ పాఠశాలలో పనిచేస్తున్నాను. వానాకాలంలో పిల్లలు ఇళ్ళకు వెళ్ళినప్పుడు వెదురు కొమ్ములు, అడవి దుంపలు తింటారు. వీటిలో విషముందని ఎక్కడో చదివి మానమని చెప్పాను. ఒక అవ్వ, మేము మీకంటే ముందు నుంచి తింటున్నాం బాబూ అని నవ్వింది. నేను చెప్పింది తప్పా? – ఒక పాఠకుడు, అల్లూరి సీతారామరాజు జిల్లా

జవాబు: మీరు చదివింది తప్పు కాదు. లేత వెదురు కొమ్ముల్లో టాక్సిఫిలిన్ అనే సైనైడ్ పదార్థం కర్రపెండలంలోని దానికి తీసిపోకుండా ఉంటుంది. అయితే అది మరుగుతున్న నీళ్ళలో తొందరగా విరిగిపోతుంది. ఆ అవ్వ కొమ్ములను సన్నగా తరిగి, ఉడికించి, నీళ్ళు వంచేసే వండుతుంది. అడవి దుంపలను పల్చటి చక్రాలుగా కోసి, ఉడికించి, బుట్టలో పెట్టి పారే వాగులో వదలడం చాలా ఆదివాసీ ప్రాంతాల్లో ఉన్న పద్ధతి. ఎంత సేపు ఉంచాలన్నది గడియారం చూసి తేల్చరు. ఒక చక్రం తీసి కొరికి, చేదు పోయిందని నాలుక చెప్పాకే బుట్ట పైకి తీస్తారు. మా అమ్మ దోసకాయ ముక్కతో చేసిన పరీక్షే వాళ్ళు వాగు ఒడ్డున చేస్తున్నారు. నా భయమల్లా వేరు. హాస్టళ్ళలో పెరుగుతున్న పిల్లలకు ఏది తినదగినదో తెలుసు గాని, దాన్ని ఎన్నిసార్లు కడగాలో చూసే వీలు తగ్గిపోతోంది. సగం తెలిసిన పిల్లవాడు ఆకలి వేసి తొందరపడితే అప్పుడు ప్రమాదం. ఈసారి వానలు పడ్డాక ఆ అవ్వను మీ బడికి పిలవండి. కొమ్ములు తరగడం దగ్గర నుంచి నీళ్ళు వంచేదాకా పిల్లల ముందే చేసి చూపించమని అడగండి. మీరు పక్కన కూర్చుని, ఏ నీళ్ళు ఎందుకు పారబోస్తున్నారో వాళ్ళకు చెప్పండి.